నీటిని అడిగి కట్టిన పడవలు

సెలవు రోజున సరదాగా గాలం వేయడానికి కట్టుకున్న చిన్న పడవలు గడిచిన వందేళ్ళలో నౌకా నిర్మాణానికే కొత్త పాఠాలు నేర్పాయి. అడుగు ఏ వాలులో ఉండాలి, ముందుకొన ఎందుకు విచ్చుకోవాలి, నీళ్ళు నిండినా పడవ ఎలా తేలాలి అన్న ప్రశ్నలకు అమెరికా తీరంలోని కొందరు పట్టుదలగల మనుషులు జవాబులు కనుక్కున్నారు. వాటిలో ఒకటి మన తూర్పు తీరానికి అత్యవసరం.

1960లో మయామి నుంచి బహామాస్ రాజధాని నసావుకు మోటారు పడవల పందెం జరిగింది. దూరం దాదాపు 185 మైళ్ళు. ఆ రోజు గాలి తీవ్రంగా ఉంది. ఎనిమిదేసి అడుగుల కెరటాలు లేస్తున్నాయి. పోటీకి దిగినవాటిలో భారీ ఇంజన్ల పడవలున్నాయి, పేరున్న పడవలున్నాయి. వాటన్నిటినీ వెనక్కి నెట్టి 30 అడుగుల చెక్క పడవ ఒకటి ఎనిమిది గంటల్లో నసావు చేరింది. పేరు మోపీ. రెండు గంటల తర్వాత 23 అడుగుల మరో చిన్న పడవ వచ్చింది. మూడోది కనిపించేసరికి మర్నాడైంది.

మొదటి రెండు పడవల అడుగు భాగాన్నీ గీసింది ఒక్కరే. మసాచుసెట్స్‌కు చెందిన సి. రేమండ్ హంట్. రెండేళ్ళ ముందు, 1958లో, అమెరికా కప్ తెరచాప నౌకల ఎంపిక పోటీలు న్యూపోర్ట్ దగ్గర జరుగుతున్నప్పుడు హంట్ తన 23 అడుగుల మోటారు పడవను అక్కడి అలల మీద నడిపాడు. పోటీ నౌక ఒకదానిలో పనిచేస్తున్న రిచర్డ్ బెర్‌ట్రామ్ దాన్ని చూశాడు. మిగతా మోటారు పడవలు వేగం తగ్గించి కెరటాల మీద దబదబా పడుతూ లేస్తుంటే, ఇది వేగం తగ్గకుండా నీటిని కోసుకుంటూ పోతోంది. బెర్‌ట్రామ్ అలాంటిదే కాస్త పెద్దది కట్టించుకున్నాడు. భార్య ముద్దుపేరు పెట్టాడు. అదే మోపీ.

రహస్యమంతా అడుగు వాలులో ఉంది. పడవను వెనుక నుంచి చూస్తే అడుగు బల్లపరుపుగా ఉండవచ్చు, ఆంగ్ల అక్షరం వి లాగా కోసుగానూ ఉండవచ్చు. అంతకు ముందు వేగపు పడవల్లో ముందు భాగం కోసుగా ఉన్నా, వెనక్కి వచ్చేకొద్దీ అడుగు చదునైపోయేది. చదునైన అడుగు నిశ్చలమైన నీటిపై తేలిగ్గా పైకి లేచి జారుతుంది, తక్కువ శక్తితోనే పరిగెత్తుతుంది. అలల్లో మాత్రం ప్రతి కెరటమూ ఆ చదునును ఎదురుగా కొడుతుంది. హంట్ ఆ కోసును చివరిదాకా, వెనుక పలక వరకూ దాదాపు 24 డిగ్రీల వాలుతో కొనసాగించాడు. అడుగు పొడవునా సన్నని పట్టీలు అమర్చాడు. అవి నీటిని పక్కలకు విసిరి పడవకు ఎత్తు ఇస్తాయి. దీన్నే డీప్ వి అంటారు.

ఈ లాభం ఊరికే రాలేదు. కోసు అడుగున్న పడవను ఆపి గాలం వేస్తే అటూ ఇటూ ఎక్కువగా ఊగుతుంది. అదే వేగానికి ఎక్కువ ఇంజన్ శక్తి అడుగుతుంది, ఎక్కువ పెట్రోలు తాగుతుంది, లోతులేని చోట నేలను తాకుతుంది. నిశ్చలమైన చెరువులో గాలం వేసేవాడికి 24 డిగ్రీల వాలు శుద్ధ దండగ. ముప్ఫై మైళ్ళు సముద్రంలోకి పోయి సాయంత్రం ఎదురుగాలిలో తిరిగి రావాల్సినవాడికి అది వెన్నెముకను కాపాడే వాలు. అందుకే మంచి రూపకర్త అడిగే మొదటి ప్రశ్న ఎన్ని అడుగుల పడవ కావాలని కాదు. ఏ నీటిలోకి పోతావు, ఏ చేప కోసం పోతావు అని.

మోపీనే అచ్చుకు నమూనాగా పెట్టి ఫైబర్ గ్లాసులో బెర్‌ట్రామ్ 31 తయారు చేశారు. 1961 న్యూయార్క్ పడవల ప్రదర్శనలో దాన్ని జనం చూశారు. 1980ల దాకా అలాంటివి 1,800కు పైగా కట్టారు. ఈనాడు ప్రపంచంలో సముద్రంలో వేటాడే చిన్న వేగపు పడవల్లో చాలావాటి అడుగు హంట్ గీతకు వారసత్వమే. ఆయనకు మాత్రం దానిపై పేటెంటు హక్కు దక్కలేదు. కోట్లు తెచ్చిపెట్టగల గీత లోకం సొత్తయిపోయింది. ఆ నష్టం హంట్‌ది, లాభం సముద్రం మీద బతికే అందరిదీ.

చేప చెప్పినట్టు

వేట పడవ అంటే వేగం ఒక్కటే కాదు. అసలు కథ పడవ ఆగాక, చేప తగిలాక మొదలవుతుంది.

1934లో రచయిత ఎర్నెస్ట్ హెమింగ్వే న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని వీలర్ షిప్‌యార్డుకు 38 అడుగుల పడవను ఆర్డరిచ్చాడు. ధర 7,495 డాలర్లు. అందులో కొంత ఎస్క్వైర్ పత్రికకు రాయబోయే వ్యాసాలకు ముందుగా పుచ్చుకున్న సొమ్ము. పడవ పేరు పిలార్. అది కుటుంబాలు విహారానికి పోయే రకం, కంపెనీ అందరికీ అమ్మే నమూనా. హెమింగ్వే అడిగిన మార్పుల్లో ఆయన చూపు ఎలాంటిదో తెలుస్తుంది. వెనుక భాగాన్ని ఒక అడుగు కిందికి దింపమన్నాడు. ఆ అంచున పెద్ద చేపను లోపలికి లాగేందుకు దొర్లే చెక్క రోలరు పెట్టమన్నాడు. పెద్ద ఇంజను పక్కన, మెల్లగా గాలం లాగుతూ తిరగడానికి వేరే చిన్న ఇంజను పెట్టమన్నాడు. తర్వాత పైకప్పు మీద చుక్కాని చక్రం ఉండే మేడ కూడా కట్టించుకున్నాడు. చేప ఎత్తు నుంచి ముందుగా కనిపిస్తుంది కనుక.

ఇవన్నీ ఒక తయారైన పడవకు చేసిన సవరణలు. మొదటి గీత నుంచే వేట కోసమే పుట్టిన పడవ రావడానికి ఇంకో పదమూడేళ్ళు పట్టింది. ఫ్లోరిడాలోని వెస్ట్ పామ్ బీచ్‌లో వలస వచ్చిన ఒక వడ్రంగి, ఆయన ముగ్గురు కొడుకులు నడిపిన రిబోవిచ్ పడవల శాల 1947లో 34 అడుగుల మిస్ చెవీ 2ను నీటిలోకి దించింది. కట్టించుకున్నాయన షెవర్లే కార్ల వ్యాపారి. ఆ శాల వాళ్ళు పెద్ద మనుషుల విహారనౌకలను మరమ్మతు చేస్తూ, వేట నుంచి తిరిగొచ్చిన పడవల్లో ఏది విరిగిందో, ఏది అడ్డం వచ్చిందో రోజూ చూసినవాళ్ళు. తొలినాళ్ళ వేట పడవల రూపం ఆ మరమ్మతుల అనుభవం నుంచే వచ్చిందని నా నమ్మకం.

సముద్రపు మేటి వేట చేపలు మార్లిన్, సెయిల్ ఫిష్. విశాఖ, కాకినాడ రేవుల్లో కొమ్ముకోనాం అని పిలిచే జాతి ఇదే. ఇది తగిలితే గంటల తరబడి పోరాటం సాగుతుంది. గాలం దారం ఎప్పుడూ వెనుక వైపే ఉండాలి, కాబట్టి పడవ నడిపేవాడు చేప ఎటు పరిగెత్తితే అటు వెనక్కి నడపాలి. వెనక్కి పోతున్నప్పుడు అలలు వెనుక పలక మీదుగా లోపలికి దూకుతాయి. అప్పుడు ఏం చేయాలి? చేపను లోపలికి లాగడానికి పలక పొట్టిగా ఉండాలి. నీటిని ఆపడానికి ఎత్తుగా ఉండాలి. ఈ రెండింటి మధ్య దారి వెతికినవాళ్ళు వేట గది నేలను నీటిమట్టానికి పైన పెట్టి, మూలల్లో నీరు బయటికి పోయే కన్నాలు అమర్చారు. వెనుక పలకలో చేపను ఈడ్చుకునేందుకు తలుపు పెట్టారు. అయితే నేలను ఎత్తుకు లేపితే మనుషుల బరువు కూడా ఎత్తుకు చేరుతుంది, పడవ నిలకడ తగ్గుతుంది. ఒక సుఖం దొరికిందంటే ఇంకెక్కడో దానికి చెల్లింపు ఉంటుంది.

మొగ నేర్పిన ఆకారం

నార్త్ కరోలినాలో అవుటర్ బ్యాంక్స్ అనే ఇసుక దీవుల వరుస ఉంది. వాటి మధ్య 1846 నాటి తుఫాను ఒక దారి కోసింది. అదే ఓరెగాన్ ఇన్‌లెట్. లోపలి నీళ్ళు సముద్రంలోకి, సముద్రం లోపలికి పోటుపాట్లతో తోసుకునే ఇరుకు దారి. మన తీరంలో మొగ అంటామే, అదే. పూడిక, ఇసుక తిన్నెలు, ఎదురుగాలికి నిలువుగా లేచే కెరటాలు మన జాలరులకు కొత్త కాదు. మొగ దాటడమంటే ఏమిటో ఉప్పాడలోనూ నిజాంపట్నంలోనూ అడిగితే చెబుతారు.

ఈ మొగను రోజూ దాటాల్సిన వేట పడవల కెప్టెన్లు చలికాలంలో వేట లేనప్పుడు తమ పడవలు తామే కట్టుకునేవారు. వారెన్ ఓనీల్, ఓమీ టిల్లెట్ వంటివారు ఆ తరం. వాళ్ళ పడవల ముందు భాగం కింద సన్నగా మొదలై, పైకి వచ్చేకొద్దీ బయటికి వంపు తిరిగి విచ్చుకుంటుంది. కరోలినా ఫ్లేర్ అని దానికి లోకమంతా పేరు. చూడ్డానికి ఎంత అందమో, పని కూడా అంతే. సన్నని కొన కెరటాన్ని చీలుస్తుంది. కొన కిందికి దిగబడేకొద్దీ విచ్చుకున్న పైభాగం ఎక్కువ నీటిని తాకి, మునగకుండా పైకి తోస్తుంది. ఎగిసిన నీటిని మనుషుల మీద పడకుండా పక్కలకు విసిరేస్తుంది. ఎదురుగాలిలో మొగ దాటేవాడికి కళ్ళల్లో ఉప్పునీరు పడకపోవడం విలాసం కాదు.

దక్షిణాన హార్కర్స్ ఐలాండ్‌లో పెద్దలు ఈ వంపును కాగితం మీద గీయలేదు. కన్ను చెప్పినట్టు కట్టేవారు. పక్కటెముకలు నిలబెట్టి, వాటి మీద సన్నని పట్టీని వంచి, దూరంగా నిలబడి చూసి, ఎక్కడ గీత సాఫీగా లేదో అక్కడ చెక్కేవారు. బ్రాడీ లూయిస్ పేరు ఆ పద్ధతికి పర్యాయపదం. నమూనా, కొలతల పుస్తకం ఏవీ లేకున్నా ఒక తరం చేతి నుంచి మరో తరం చేతికి ఆ వంపు అందింది. ఇక ఓమీ టిల్లెట్ గురించి ఒక్క మాట: ఉదయం పడవలు మొగ వైపు కదిలే వేళ రేడియోలో ఆయన ప్రార్థన చేసేవాడు. అన్ని పడవల్లోనూ అది వినిపించేది. అంత నమ్మకంతో కట్టినవాడు కూడా ఆ నీటిని అలుసుగా తీసుకోలేదు.

నది పడవలకు వేరే లెక్క. ఇన్‌లెట్‌తో పేరు ఒకటే అయినా వేరే చోటైన ఓరెగాన్ రాష్ట్రంలో మెకెంజీ నది రాళ్ళ మధ్య ఉరుకుతూ పారుతుంది. అక్కడ 1920ల నుంచి వేట మార్గదర్శులు తేలికైన చెక్క పడవలు కట్టుకున్నారు. అడుగు బల్లపరుపు, కానీ పొడవునా ముందూ వెనుకా పైకి వంగి ఉంటుంది. అలా వంగడంతో నీటిని తాకేది మధ్య భాగమే, కనుక ఒక్క తెడ్డు పోటుతో ఉన్నచోటే గిర్రున తిప్పొచ్చు. తెడ్డు వేసేవాడు ప్రవాహం పోయే దిక్కుకే ముఖం పెట్టి, ప్రవాహానికి ఎదురుగా లాగుతూ పడవను నెమ్మదింపజేస్తాడు. ముందు కూచున్నవాడు ఆ నెమ్మదిలో గాలం విసురుతాడు. వేగం కోసం కాకుండా నెమ్మది కోసం రూపొందిన పడవ ఇది.

అదే రాష్ట్రంలో సముద్రపు ఒడ్డున పసిఫిక్ సిటీ అనే ఊరుంది. రేవు లేదు, జెట్టీ లేదు. కేప్ కివాండా కొండ చాటున ఇసుక ఒడ్డు నుంచే డోరీ పడవలను నేరుగా కెరటాల్లోకి తోస్తారు. తిరిగొచ్చేటప్పుడు అలల మధ్య సందు చూసి, ఇంజను జోరు తగ్గించకుండా ఇసుక మీదికి దూసుకొస్తారు. అందుకే ఆ పడవల అడుగు చదును. ఇందాక చెప్పిన 24 డిగ్రీల పడవను అక్కడికి తీసుకుపోతే ఒడ్డున పక్కకు ఒరిగి పడుతుంది. ఒడ్డుకు ఎక్కే పడవ, మొగ దాటే పడవ, నది దిగే పడవ మూడింటికీ ఒకే కొలతలు ఇచ్చేవాడు ఎవరైనా సరే, వాడి దగ్గర పడవ కొనకండి.

కాగితం మీద బరువు

ఇంటి ఆవరణలో సొంతంగా పడవ కట్టుకునేవాళ్ళు అమెరికా, ఆస్ట్రేలియాల్లో వేలమంది. అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్ళలో గాలం సరదా ఉన్నవాళ్ళకు ఈ లెక్క పనికొస్తుంది. ముందు బరువు రాయాలి. 16 అడుగుల ప్లైవుడ్ పడవ అనుకుందాం. పడవ ఒళ్ళు 180 కిలోలు. 40 గుర్రాల ఇంజను దాదాపు 100. యాభై లీటర్ల పెట్రోలు 37. ముగ్గురు మనుషులు 225. లంగరు, తాడు, బ్యాటరీ, ఐసు పెట్టె, గాలపు సరంజామా కలిపి 80. మొత్తం 622 కిలోలు. ఘనమీటరు సముద్రపు నీరు సుమారు 1,025 కిలోలు తూగుతుంది. అంటే ఈ పడవ తేలాలంటే దాదాపు 0.6 ఘనమీటరు నీటిని పక్కకు తొలగించాలి. అంత ఘనపరిమాణం నీటిగీత కింద ఉండేలా అడుగును గీయాలి.

తర్వాతి లెక్క ఇంకా ముఖ్యం. నీటిమట్టం దగ్గర పడవ అడ్డుకోత అయిదు చదరపు మీటర్లుంటే, ఒక సెంటీమీటరు దిగడానికి సుమారు 50 కిలోలు పడుతుంది. కాబట్టి 75 కిలోల మనిషి ఎక్కితే పడవ సెంటీమీటరున్నర దిగుతుంది. ఇదేమంత కాదు. కానీ అతను ఎక్కడ కూచున్నాడన్నది పెద్ద విషయం. ఇంజను ఇప్పటికే చివర వేలాడుతోంది. పెట్రోలు ట్యాంకు వెనుకే పెట్టి, చేప తగలగానే ఇద్దరు వెనక్కి పరిగెత్తితే వెనుక పలక నీటికి చేరువవుతుంది. ఎన్నో పడవల్లోకి నీళ్ళు వచ్చింది ఇలాగే. ట్యాంకును మధ్యకు తెచ్చి, చుక్కాని బల్లను పడవ నడిమికి జరిపి, బరువులను మూరెడు ముందుకు కదిపితే చాలు, అదే పడవ వేరే పడవ అవుతుంది. గీతలు గీసే ఉత్సాహంలో బరువుల పట్టిక వేయడం బద్ధకించినవాడు తర్వాత ఇసుక బస్తాలు మోయాల్సి వస్తుంది.

కట్టడం గురించి చెప్పాలంటే పుస్తకాలే ఉన్నాయి. ఇంటివాళ్ళకు తలుపు తెరిచిన పద్ధతి ఒకటి మాత్రం చెప్పాలి. 1960ల మొదట్లో ఇంగ్లండులో బ్యారీ బక్‌నెల్, జాక్ హోల్ట్ కలిసి డెయిలీ మిర్రర్ పత్రిక ప్రోత్సాహంతో మిర్రర్ అనే చిన్న తెరచాప పడవను రూపొందించారు. ప్లైవుడ్ పలకలను ఆకారం ప్రకారం కోసి, అంచులకు కన్నాలు పెట్టి, రాగి తీగతో కుట్టి, ఆ కుట్టు మీద గ్లాసు గుడ్డ పట్టీ, జిగురు రాస్తారు. పక్కటెముకల చట్రం, ఆవిరిలో వంచిన చెక్క, వడ్రంగం నేర్చిన చేయి ఏవీ లేకుండానే పడవ తయారవుతుంది. వేట పడవల ఔత్సాహికులు దాన్నే పట్టుకున్నారు. ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీట్లను జతచేసి పొడవు పెంచుకోవాలి. అంచులను మందానికి ఎనిమిదింతల పొడవున ఏటవాలుగా చెక్కి అతికితే ఆ అతుకు చెక్కంత బలంగా నిలుస్తుంది. ఎపాక్సీ కలిపేటప్పుడు జిగురు, గట్టిపరిచే ద్రవం నిష్పత్తి తయారీదారు చెప్పినట్టే ఉండాలి. త్వరగా ఆరాలని రెండోది ఎక్కువ పోస్తే అది ఎప్పటికీ మెత్తగానే ఉండిపోతుంది.

ఫైబర్ పడవకైనా, చెక్క పడవకైనా ముసలితనం మొదలయ్యేది వెనుక పలక దగ్గరే. ఇంజను బిగించేందుకు అక్కడ కన్నాలు పెడతారు. కన్నం లోపలి చెక్కకు జిగురు పూసి మూయకపోతే నీరు మెల్లగా చొరబడి, బయటికి ఏమీ కనిపించకుండా లోపలి ప్లైవుడ్ కుళ్ళిపోతుంది. పాత పడవ కొనేవాళ్ళు పెయింటును కాదు, ఆ పలకను చూడాలి. ఇంజను పట్టుకుని పైకీ కిందికీ ఊపితే పలక కదులుతోందంటే బేరం అక్కడితో ఆపేయండి.

మునగని పడవ

ఇక రూపకల్పనలో నన్ను అన్నిటికంటే కదిలించిన కథ. రిచర్డ్ ఫిషర్ హార్వర్డ్‌లో తత్వశాస్త్రం చదివినవాడు. బోస్టన్ దగ్గర ఎలక్ట్రికల్ పరికరాల కంపెనీ నడిపేవాడు. 1950ల మధ్యలో పాలీయూరిథేన్ ఫోమ్ అనే కొత్త పదార్థం వచ్చింది. తేలిక, గట్టి, నీరు పీల్చదు. దీంతో పడవ కట్టొచ్చనిపించింది. ఫిషర్ తనకు తెలిసిన రేమండ్ హంట్ దగ్గరికి పోయాడు. అవును, అదే హంట్. ఆయన సూచన వేరే రకం అడుగు: ఆల్బర్ట్ హిక్‌మన్ అంతకు దశాబ్దాల ముందు చేసిన సీ స్లెడ్, అంటే పక్కలకు రెండు దూలాలు, మధ్యలో తలకిందులైన వి. అలా కట్టిన మొదటి నమూనా నిలకడగా ఉంది గానీ, మధ్య సొరంగంలో చేరిన గాలి, నీరు కలిసి ఇంజను పంకాకు పట్టు దొరకనివ్వలేదు. ఫిషర్ మళ్ళీ మళ్ళీ నీటిలోకి దించి, తీసి, అడుగున కొంచెం కొంచెం చేర్చి, చివరికి మధ్యలో మూడో దూలం లాంటి భాగం తెచ్చాడు. అలా 1958లో 13 అడుగుల 4 అంగుళాల బోస్టన్ వేలర్ అమ్మకానికి వచ్చింది.

దాని కట్టుబడి కజ్జికాయను పోలింది. బయటి ఒళ్ళు ఒక అచ్చులో, లోపలి ఒళ్ళు మరో అచ్చులో ఫైబరుతో చేస్తారు. రెండూ కలిపి మూసి, మధ్య ఖాళీలో ద్రవ ఫోమ్ పోస్తారు. అది పొంగి, సందు లేకుండా నిండి, రెండు పొరలకూ అతుక్కుని గట్టిపడుతుంది. పడవ ఒళ్ళంతా తేలే పదార్థమే. 1961లో లైఫ్ పత్రిక అచ్చువేసిన బొమ్మలు దీన్ని ఇంటింటికీ చేర్చాయి. ఫిషర్ పడవలో కూచుని ఉండగా దాన్ని అడ్డంగా రంపంతో రెండు ముక్కలు కోశారు. ఆ తర్వాత వెనుక ముక్కలో, ఇంజను నడుపుకుంటూ ఆయన వెళ్ళిపోయాడు. వ్యాపార ప్రకటనే, కాదనను. కానీ అది తన సరుకుకు ఒక కంపెనీ బాహాటంగా పెట్టిన పరీక్ష కూడా.

తర్వాత ప్రభుత్వం కదిలింది. 1971లో అమెరికా పడవల భద్రతా చట్టం చేసింది. దాని కింద వచ్చిన నిబంధనల ప్రకారం 20 అడుగుల లోపు చిన్న పడవల్లో తేలే పదార్థం ఉండాలి. ఎంత బరువు, ఎంతమంది, ఎన్ని గుర్రాల ఇంజను భరించగలదో రాసిన పలక అతికించాలి. బయటి ఇంజను బిగించే పడవలు నీళ్ళతో నిండినా తిరగబడకుండా, బల్లపరుపుగా తేలాలి. అందులోని వాళ్ళు ఒడ్డుకు చేరకపోయినా పడవను పట్టుకుని ఆగగలిగితే, ఎవరో ఒకరు వస్తారు.

మొదటిసారి నీటిలోకి

కట్టిన పడవను నీటిలోకి దించే రోజు కొబ్బరికాయ కొట్టినా, సీసా పగలగొట్టినా, ముందు చూడాల్సింది అడుగు బిరడా. ట్రెయిలరు మీద ఉన్నప్పుడు వానకు చేరిన నీరు పోవడానికి వెనుక పలక అడుగున ఒక కన్నం ఉంటుంది. ఆ బిరడా బిగించకుండానే నీటిలోకి దించి, మనుషులు ఎక్కుతుండగా పడవ బరువెక్కడం చూసి కంగారుపడినవాళ్ళు ఏ రేవులోనైనా దొరుకుతారు. చేతితో తాకి చూసిన తర్వాతే పడవ కదలాలి.

మొదటి రోజు వేటకు పోకూడదు. ఖాళీగా తేలుతున్నప్పుడు నీటిగీత గీసినచోటే ఉందా, ఒక పక్కకు ఒరిగిందా, వెనుక దిగిందా అని చూడాలి. ఇద్దరు మనుషులు ఒకే అంచుకు వచ్చి నిలబడితే ఎంత ఒరుగుతుందో ఒడ్డు దగ్గరే తెలుసుకోవాలి. తర్వాత ఇంజను. పంకా పైనుండే అడ్డపలక పడవ అడుగుకు దాదాపు సమంగా ఉండాలి. ఇంజను మరీ పైన ఉంటే పంకా గాలిని పీల్చి ఊరికే తిరుగుతుంది, మరీ కిందికి పోతే నీటిని ఈడుస్తూ వేగం చస్తుంది. పూర్తి జోరులో ఇంజను తయారీదారు చెప్పిన భ్రమణాలకు చేరాలి. చేరకపోతే పంకా పిచ్, అంటే ఒక చుట్టుకు అది ముందుకు పోయే దూరం, తగ్గించాలి. ఒక అంగుళం తగ్గిస్తే నిమిషానికి 150 నుంచి 200 భ్రమణాలు పెరుగుతాయి. ముక్కు పైకీ కిందికీ గుర్రంలా దూకుతోందంటే బరువు వెనుక ఎక్కువైందని అర్థం. ఇవన్నీ చూసి, రాసుకుని, ట్యాంకునో బ్యాటరీనో జరిపి మళ్ళీ పరీక్షించాలి. కట్టినవాడి ఓపిక నిజంగా తెలిసేది ఇక్కడే.

మన ఒడ్డున

మన తీరానికి ఇదంతా దూరపు ముచ్చట కాదు. గోదావరి పాయ మీది కోరంగి ఒకప్పుడు ఓడల నిర్మాణానికి పేరుపడ్డ రేవు. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా జాలరులు తరతరాలుగా వాడిన తెప్ప కొన్ని తేలిక దుంగలను తాళ్ళతో కట్టినది. దానికి లోపలంటూ లేదు. కెరటం మీదుగా పోయిన నీరు దుంగల సందుల్లోంచి కిందికి పోతుంది. తెప్ప తిరగబడొచ్చు గానీ మునగదు. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వారి బంగాళాఖాతం కార్యక్రమం మన తూర్పు తీరపు ఒడ్డు కెరటాలను దాటగల చిన్న పడవల నమూనాలను తయారుచేసి పరీక్షించింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో తెప్పల, చెక్క నావల స్థానంలోకి ఫైబర్ పడవలు వచ్చాయి. వేగం పెరిగింది, దూరం పెరిగింది, మోసే వల పెరిగింది. అయితే ఫైబర్ గ్లాసు నీటికంటే బరువు. లోపల తేలే పదార్థం లేని ఫైబర్ పడవ నీళ్ళు నిండితే ఇంజనుతో సహా అడుగుకు పోతుంది. తెప్పకు పుట్టుకతో ఉన్న గుణాన్ని ఫైబరుకు మనం కావాలని ఇవ్వాలి.

ఇవ్వడం ఖరీదైన పని కాదు. పావు ఘనమీటరు ఫోమ్ నీటిలో దాదాపు 240 కిలోల బరువును ఎత్తి పట్టుకుంటుంది. అడ్డుబల్లల కింద, పక్క అంచుల లోపల, ఇంజనుకు రెండు వైపులా నీరు పీల్చని ఫోమ్ నింపి ఫైబరుతో మూసేస్తే చాలు. నేల కింద మాత్రమే నింపితే, మునిగిన పడవ తలకిందులయ్యే ప్రమాదముంది. అందుకే పైఎత్తులో, పక్కలకు ఉండాలి. ఈ జ్ఞానం సరదా వేటగాళ్ళ దగ్గర మొదలైంది గానీ, దాని అవసరం అన్నిటికంటే ఎక్కువ తెల్లవారుజామున మొగ దాటే జాలరికే.

అందుకని పడవ కొనబోయే ప్రతి ఒక్కరికీ, కట్టే ప్రతి శాలకూ, సబ్సిడీ మీద పడవలు ఇప్పించే ప్రతి అధికారికీ ఒక విన్నపం. డబ్బు చేతులు మారకముందే పడవను లోతు తక్కువ నీటిలోకి దించి, ఇంజను బరువుకు సరిపడా ఇసుక బస్తాలు వెనుక పెట్టి, అంచుల దాకా నీళ్ళు నింపించండి. అప్పుడూ అది బల్లపరుపుగా తేలితేనే రసీదు మీద సంతకం పెట్టండి.